బాంబు చప్పుడు విన్నదెవరు?

కూలిన ఫ్యాక్టరీ శిథిలాల మీద నుంచి పోలీసులు పెద్దక్క మరిదిని రెక్కలు విరిచి ఈడ్చుకుపోయేటప్పుడు అతని చేతిలో ఇంకా ఇటుక ముక్క ఉంది. దాని కిందెక్కడో అతని పెళ్ళాం ఉంది. ఆమె పెద్దక్కకు సొంత చెల్లెలు. వెతుకుతున్న మొగుణ్ణే పట్టుకుపోయారు. బిల్డింగును బాంబుతో లేపేశాడట! కార్మిక సంఘం మనిషి గనక కసి ఉందట. కూలేటప్పుడు గేటు బయట ఉన్నాడు గనక ముందే తెలుసట. సొంత పెళ్ళాన్ని లోపల కూర్చోబెట్టి బాంబు పెట్టే మొగుణ్ణి ఆ పోలీసు దొరలు ఏ లోకంలో చూశారో వాళ్ళకే తెలియాలి. బాంబని మొదట అన్నది ఫ్యాక్టరీ యజమాని. దొంగే ‘దొంగ, దొంగ’ అని అరిచినట్టుంది అతని వ్యవహారం.

తనూ ఆ ఫ్యాక్టరీలోంచే బతికి బయటపడ్డ పెద్దక్క చూస్తూ నిలబడింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు గానీ, ఆమెకు ఆ పోటు కూడా తెలియలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. చెల్లెలు దొరికినప్పుడూ ఏడవలేదు, మట్టిచేసి వచ్చినప్పుడూ ఏడవలేదు.

విచారణ బడి మేడ మీది హాల్లో పెట్టారు. బతికి బయటపడ్డ కుట్టుపని ఆడవాళ్ళను బెంచీల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా విచారణాధికారి, పక్కన ఫ్యాక్టరీ మేనేజరు.

“బాంబు చప్పుడు విన్నవాళ్ళు చెప్పండి,” అన్నాడు అధికారి.

“విన్నాను సార్! ఢామ్మంది. చెవులు గింగురుమన్నాయి,” అంది బొత్తాలు కుట్టే ఆవిడ. ఆవిడ పెద్ద గొంతు విని అందరూ ‘మైకు’ అని పేరు పెట్టారు.

“ఢామ్మన్నదల్లా బాంబేనా? మందు వాసనొచ్చిందా? మసి కనపడిందా?” అంది గుడ్డ కత్తిరించే ముసలమ్మ.

“దుమ్ములో కళ్ళే కనపడలేదు, మసి వెతుక్కుంటూ కూర్చుంటానా? నా కూతుర్ని ఎవడో ఒకడు చంపి ఉండాలి కదే! ఊరికే కూలిందంటే ఎవణ్ణి తిట్టను?”

మేనేజరు సందు చూసుకుని దూరాడు. “విన్నది విన్నట్టు చెప్పండమ్మా. చెప్పినవాళ్ళకి రేపే మన రెండో ఫ్యాక్టరీలో పని.”

అధికారి పెద్దక్క వైపు తిరిగాడు. “నువ్వేం విన్నావు?”

ఏమీ వినలేదంటే మరిది బయటపడతాడేమో. కానీ ఆ చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది.

“విన్నాను. దేనిదో తెలీదు.”

“రాసుకో. విన్నదట,” అన్నాడతను గుమస్తాతో. ఆ ఒక్క మాటే మరిది మెడకు ఉరి అవుతుందని పెద్దక్కకు తెలుసు.

అంతలో కరెంటు పోయింది. కింద వరండాలో జనరేటరు వేశారు. హాలు నేల సన్నగా వణికింది. ఆడవాళ్ళందరి ఎడమచేతులూ ఒక్కసారే లేచి, ముందున్న బల్లలను అదిమి పట్టాయి. బల్లల మీద ఏమీ లేవు.

“ఏమిటది?” అన్నాడు అధికారి.

వాళ్ళు ఒకళ్ళ చేతులొకళ్ళు చూసుకున్నారు.

“దారం రీళ్ళు సార్,” అంది పెద్దక్క. “డాబా మీద జనరేటరు వేస్తే మా అంతస్తంతా ఊగేది. రీళ్ళు దొర్లి పడకుండా ఇలా పట్టుకునేవాళ్ళం. రోజూ అంతే. అలవాటైపోయింది. భయపడాలని ఎవరికీ తోచలేదు.”

మైకు తన అరచేతిని తిప్పి చూసుకుంది. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. “ఆరోజూ వేశారు. నేను రీలు పట్టుకున్నాను. ఆ వెంటనే ఢామ్మంది. స్తంభం విరిగినా అలాగే అంటుంది కదక్కా? బాంబు కాదు. వీళ్ళే చంపారు నా బిడ్డని.”

“కథలొద్దు. చప్పుడు విన్నారు, అది చాలు,” అంటూ అధికారి లేచాడు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపగలరు?

పెద్దక్క మేనేజరుకు అడ్డంగా నిలబడింది. “రెండో ఫ్యాక్టరీలో జనరేటరు ఎక్కడుంది?”

అతను పక్కనుంచి తప్పుకుపోబోయాడు.

“డాబా మీదే,” అంది ముసలమ్మ. “మా కోడలు అక్కడే కుడుతోంది.”

ఇంకెవరూ అధికారి వైపు చూడలేదు. హాలు హాలంతా మెట్లు దిగి వీధిన పడింది. రెండో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాడు అడ్డొస్తే మైకు ఒక్క అరుపు అరిచింది, తప్పుకున్నాడు. ఆర్డరు ఇవాళ పోవాలని సూపర్‌వైజరు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు.

“కూలినదాంట్లోంచి వచ్చినవాళ్ళం,” అంది పెద్దక్క గుమ్మంలో నిలబడి. “దిగండమ్మా. మాది కూల్చింది బాంబు కాదు. అదేమిటో కిందికెళ్ళాక చెబుతాం.”

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పోలీసులు వచ్చేసరికి ఫ్యాక్టరీ ఖాళీ, వీధంతా ఆడవాళ్ళు. జనరేటరు దించాలి, పట్టుకుపోయిన మనిషిని వదలాలి, అప్పటిదాకా మెట్టెక్కేది లేదని బైఠాయించారు.

“బాంబుందని చెప్పి దించావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“లేదని చెప్పి దించాను.”

పెద్దక్కను వ్యానెక్కించారు. ముసలమ్మ కోడలు పరుగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకుంది.

“అక్కా, కూలకముందు మీ దగ్గరికి ఇలా ఎవరూ రాలేదా?”

పెద్దక్క ఆ పిల్ల మొహంలోకి చూసింది. చెల్లెలికీ ఇంచుమించు అంతే వయసు.

“ఎవరూ రాలేదమ్మా,” అంది. అప్పుడొచ్చింది ఏడుపు. పొగిలి పొగిలి ఏడ్చింది.

ఆ పిల్ల ఊచలు వదిలి, వెళ్ళి వ్యాను ముందు చక్రం దగ్గర కూర్చుంది. మైకు లేచి వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. డ్రైవరు ఇంజను వేశాడు. ఇంకా ఆడవాళ్ళు లేచి వస్తూనే ఉన్నారు.