గడప దగ్గరి మాట

“కాఫీ పల్చగా ఉండాది గానీ ఉపన్యాసం బాగా రాసినావే. కడపలోనూ చెప్పమంటాండారు. ఇంకొంచెం పెంచు,” అన్నారు మా ఆయన, పేపరు మీంచి తలెత్తకుండా.

ఆయన కర్నూల్లో ఇంగ్లీషు లెక్చరరు. నేను బి.ఏ. చదివి పప్పులో రాళ్లు ఏరుతున్నదాన్ని. ఇప్పటి అమెరికా నవలా రచయిత్రి ఒకామె గురించి మాట్లాడమని గ్రంథాలయం వాళ్లు అడిగితే, చదివి రాయడం నా వంతయింది, చెప్పడం ఆయన వంతు. ఆవిడ నలుగురు పిల్లల తల్లి. వాళ్లు బడికి పోయాక పొయ్యి పక్కనే కూర్చుని రాస్తుందట. అది చదువుతుంటే నా చేతి పిండి పుస్తకానికి అంటుకుంది. తుడిచినా మరక పోలేదు.

ఆవిడ నవల చివర ఒక ఇల్లాలు భర్త ముందు నిలబడి, పోతున్నానని చెప్పి గడప దాటుతుంది. మళ్లీ రాదు. తెలుగులో రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. గడప దగ్గర ఆ మాట అరిష్టమని మా అమ్మ నేర్పింది. పక్క వీధికి పోయినా “పోయొస్తా” అనాలి. అలాగే రాసేశాను.

నిన్న సభలో ఆడవాళ్లం తెర వెనక కూర్చున్నాం. ప్లీడరు హనుమన్న లేచి, “ఏమప్పా, కడాకు ఆయమ్మ యాడికి పోయింది?” అని అడిగాడు.

“యాడికి పోతాదప్పా? పోయొస్తా అనింది కదా, వచ్చే ఉంటాది. నాలుగు దినాలు పుట్టింట్లో ఉంటే కోపం తీరదా!” అన్నారు ఆయన.

హాలంతా నవ్వింది. తెర వెనక మేమూ నవ్వాం. నేనూ నవ్వాను. పక్కనున్న చాంద్ బేగం మాత్రం నవ్వలేదు. మా పొరుగింటామె. అంతకుముందే ఒకరోజు చెనక్కాయలు ఒలుస్తూ నవలంతా ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“తిరిగి రాలేదంటివి కదక్కా?” అంది.

“మెల్లగా. వినపడుతుంది,” అన్నాను.

ఆమె ముసుగు సర్దుకుని అటు తిరిగింది. నా మొహం మండిపోయింది. సముద్రాల అవతల ఒకామె పిల్లల అన్నాల మధ్య రాయగలిగిన మాటను, చూసేవాళ్లు లేకపోయినా నేను కాగితం మీద పెట్టలేకపోయాను. గడప దాటిన మనిషిని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి పొయ్యి ముందు కూర్చోబెట్టాను. ఆయనదేం తప్పు? నేను రాసిందే చదివారు.

“ఏమే, ఇనపడలేదా? యాడ పెంచుతావు?” అన్నారు ఆయన, పేపరు వెనకనుంచే.

“చివర,” అన్నాను ఖాళీ గ్లాసు తీసుకుంటూ. “ఆమె పోయొస్తా అనలేదు.”

“మరేమనింది?”

వంటింటి గడప మీద నిలబడి ఆయన వైపు తిరిగాను.

“పోతాండా.”

పేపరు కిందికి దిగింది.