తెల్ల చీటీ

నా నోరు మంచిది కాదని ఈ బళ్ళో అందరికీ తెలుసు. అందుకే కాబోలు, రిటైరయ్యాక మళ్ళీ పిలిచి పని ఇచ్చినప్పుడు మెట్ల కింద గది చూపించారు. ఓ మూల విరిగిన కుర్చీలు, కిటికీ పక్కన బల్ల, బల్ల ముందు పక్కపక్కన రెండు మంచి కుర్చీలు. చదవడంలో వెనకబడ్డ చిన్నపిల్లల్లో ఒక్కరిని, ఒక్కరినే, రోజూ అరగంట పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. తరగతితో సమానం కాగానే పంపేసి, జాబితాలో తర్వాతి బిడ్డను పిలవాలి. నలభై మందిని ఒంటి గొంతుతో అదిలించినదాన్ని, ఒక్క పిల్ల నాకు ఏ మూలకు అనుకున్నాను.

ఆ పిల్లకు ఆరేళ్ళు. ఇంట్లో పిలిచే పేరు మిరపగింజ. పిట్ట కొంచెం, కూత ఘనం. కానీ పుస్తకం తెరిస్తే చాలు, బొమ్మ చూసి కథ అల్లేసి, చదివేశానని దబాయించేది.

"కుక్క పరిగెత్తింది."

"ఎక్కడుందే కుక్క? వేలు పెట్టి చూపించు."

"పరిగెత్తింది కదా టీచర్, ఇంకెక్కడుంటుంది!"

ఆ రోజు నవ్వు ఆపుకోలేక చచ్చాను.

మా పద్ధతి ఇదీ. అది చదువుతుంటే, సరిగ్గా చదివిన ప్రతి మాటకూ నేను కాగితం మీద ఒక టిక్కు పెడతాను. తర్వాత ఒక వాక్యం రాయిస్తాను. తప్పు రాస్తే కొట్టెయ్యను. వెనక జిగురుండే తెల్ల చీటీ తప్పు మీద అతికించి, "తప్పయితే ఏమైంది? పైన మళ్ళీ రాద్దాం" అంటాను. మొదటి నెల దాని నోటుబుక్కు నిండా చీటీలే. నాలుగో నెలకు చీటీల కట్ట ముట్టుకునే పనే లేకపోయింది.

ఇక దాచడమెందుకు, చెప్పేస్తాను. మా ఇంటి తాళం తీసేదీ నేనే, వేసేదీ నేనే. ఆయన పోయి ఆరేళ్ళు. చెల్లెలు ఆదివారం ఫోన్ చేసి "బాగున్నావా" అంటుంది, "బాగున్నా" అంటాను, అక్కడితో సరి. రోజు మొత్తంలో నా భుజానికి ఇంకో మనిషి భుజం తగిలేది ఆ అరగంటే.

శుక్రవారం శుక్రవారం హెడ్మిస్ట్రెస్ తొంగిచూసేది. "ఏమండీ, అయినట్టేనా? ఇంకో పాప కాచుకుని ఉంది."

"ఉడికీ ఉడకనిది దించేస్తే ఎవరు తింటారండీ?" అని ఆవిడ నోరు మూయించాను. రిజిస్టరులో మిరపగింజ పేరు పక్కన "ఇంకా సిద్ధంగా లేదు" అని రాశాను. వరసగా మూడు శుక్రవారాలు అదే రాశాను.

మెట్లెక్కితే వాళ్ళ తరగతి. అక్కడ పెద్ద కథల పుస్తకం మొదలెట్టారు. రోజూ నలుగురైదుగురు లేచి తలో పేజీ చదవాలి. అది సరిగ్గా నా అరగంటలోనే.

"నా వంతు రెండుసార్లు వచ్చింది టీచర్. లేనని దాటేశారు. ఇవాళ మళ్ళీ వస్తుంది," అంది నాలుగో శుక్రవారం.

"వస్తే వచ్చిందిలే. ముందు ఇది చదువు," అని కసిరాను.

గుక్క తిప్పుకోకుండా చదివేసింది. కాగితం నిండా టిక్కులు. నేను రిజిస్టరు తెరిచి, పాత మాటే మళ్ళీ రాశాను. పక్కనుంచి చిన్న వేలు వచ్చి ఆ అక్షరాల కింద ఆగింది.

"ఇంకా... సిద్ధంగా... లేదు."

అలవాటుకొద్దీ నా చెయ్యి మూడు టిక్కులు పెట్టేసింది. ఆ తర్వాత గానీ నాకు తెలివి రాలేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది.

"నా పేరు పక్కనుంది. నేనేం తప్పు చదివాను టీచర్?"

టిక్కుల కాగితం లాక్కుని వరస వరసా వెతికింది. పోయిన వారం కాగితాలూ తిరగేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నువ్వేం తప్పు చదవలేదు తల్లీ. తప్పు రాసింది నేను."

"ఎందుకు?"

"నువ్వెళ్ళిపోతే నాతో మాట్లాడేవాళ్ళుండరని."

అది బల్ల మీదికి వంగి, తెల్ల చీటీ ఒకటి పీకి, నేను రాసినదాని మీద వంకరగా అతికించి బొటనవేలితో నొక్కింది.

"తప్పయితే ఏమైంది టీచర్? పైన మళ్ళీ రాద్దాం."

పెన్సిల్ నా చేతిలో పెట్టింది. "సిద్ధం" అని రాశాను. వేలు పెట్టి చదివి చూసుకుంది.

"ఇప్పుడెళ్తే నా వంతు దొరుకుతుందా?"

"పరిగెత్తు."

పరిగెత్తింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు. తలుపు వేయలేదు.

కాసేపటికి పైనుంచి దాని గొంతు వినిపించింది. మాటలు తెలియడం లేదు. అరగంటలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని, కాగితం మీద టిక్కులు పెడుతూ ఉండిపోయాను.