నిగనిగలాడే మొక్క

ఎడమ అరచేతిని ఆకు కింద ఆనించి, కాడ దగ్గర్నుంచి కొసదాకా గుడ్డతో మెల్లగా తుడుస్తోంది ఆయమ్మ. గుడ్డకు రెండు చుక్కలు తలనూనె అద్దింది. ఆడపిల్లకు జడ వేసేటప్పుడు కూడా ఎవరూ అంత ఓపిక పట్టరు.

కళ్ళ ఆసుపత్రిలో రోగులు కూర్చునే గది అది. మూలనున్న ఆ వెడల్పాకుల మొక్కంటే ఆయమ్మకు ప్రాణం. పిల్లాజెల్లా లేని మనిషి. ఊడ్చడం, తుడవడం, చుక్కల మందు వేయించుకున్నవాళ్ళను చెయ్యిపట్టి కుర్చీలో కూర్చోబెట్టడం, ఇంతే బతుకు. ఇవాళ్టితో అదీ సరి. మోకాళ్ళు మొరాయించడంతో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ మొక్కేమో ఈమధ్య పసుపు తిరుగుతోంది. "రంగు వెలిసిపోయింది, రేపు తీసి పారేయండి" అనేసింది నిన్న డాక్టరమ్మ. ఆ మాటకు ఆయమ్మకు రాత్రి ముద్ద దిగలేదు.

రోజూ ఎవరూ రాకముందే మొక్క పని ముగించేది. ఇవాళ ఆలస్యమైంది.

"దాన్నెందుకు ఆయమ్మా అంతలా తోముతావు?" అంది కౌంటరు పిల్ల, సంచీ దించుకుంటూ. "ప్లాస్టిక్‌దేగా, దులిపితే చాలు."

ఆయమ్మ చెయ్యి ఆగిపోయింది. "ప్లాస్టిక్కా?"

"కాదా? అంత నిగనిగలాడుతుంటేనూ!"

"మరి నేను సెలవు పెట్టినప్పుడు నీళ్ళెవరు పోశారే?"

"ప్లాస్టిక్‌దానికి నీళ్ళెవరు పోస్తారు?"

ఓరి నాయనో! ఇది ప్రాణమున్న మొక్కని కళ్ళ ఆసుపత్రిలో ఒక్కరికీ కనపడలేదన్నమాట. ఎలా కనపడుతుంది? ముద్దుచేసి నూనె రాసి మెరిపించింది తనేగా. ఆయమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నా చేతులారా నేనే చేసుకున్నానే," అంది.

బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, తలంటు పోసినట్టు ప్రతి ఆకూ కడిగింది. పిల్ల కుండీ పట్టుకుంది. జిడ్డు వదిలింది, మెరుపూ పోయింది. చిరుగులూ మచ్చలూ అన్నీ బయటపడి, అది మామూలు మొక్కలా నిలబడింది.

డాక్టరమ్మ వచ్చి, వంగి, ఆకును గిల్లి చూసింది.

"ఇది నిజం మొక్కా! ముందు నా కళ్ళు ఎవరికైనా చూపించుకోవాలి," అని నవ్వేసి, "ఉండనీండి" అంటూ లోపలికి వెళ్ళింది.

ఉండనిస్తే సరా? రేపట్నుంచి చూసేదెవరు? ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు ఆయమ్మ. సాయంత్రం తన పని కోటు ఉతికి ఆరేసి, గుమ్మం దగ్గర నిలబడి, "పిల్లా, నీళ్ళు..." అంది. కుండీకేసి చూసింది.

"మట్టి తడిమి చూసి పోస్తాలే. నూనె మాత్రం రాయను. నువ్వెళ్ళిరా ఆయమ్మా."

ఆయమ్మ నవ్వుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు కౌంటరు పిల్ల అందరికంటే ముందొచ్చి తాళం తీసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, మట్టిలో వేలుపెట్టి చూసింది. ఇంకా చెమ్మగానే ఉంది. పోయకుండా చెంబు పక్కన పెట్టింది. ఎండిన ఆకు ఒకటి తుంచబోతే, దాని వెనక చుట్టచుట్టుకుని లేత చిగురు కనిపించింది. ఆయమ్మకు చెబుదామని గబుక్కున వెనక్కి తిరిగింది.

తలుపు వెనక కొక్కేనికి ఆయమ్మ నీలం పని కోటు వేలాడుతోంది. ముంజేతుల దగ్గర ఇంకా ఆరలేదు.