అన్నగారి ఈస్టు

అన్న క్లెమ్ బతికున్నంత కాలం హెడ్లీకి ఆ పెట్టెతో పని పడలేదు. పెరటి షెడ్డులో అన్నదమ్ములిద్దరూ బీరు కాచే బాయిలరంటే ఓ ప్లాస్టిక్ పీపా, దాని అడుగున పాత కెటిళ్ళలోంచి పీకి బిగించిన రెండు కాయిళ్ళు, రెండు స్విచ్చులు. అంతే. మరిగేదాకా రెండూ వెయ్యాలి, మరిగాక ఒకటి తియ్యాలి. ఆ తీసే పని క్లెమ్‌ది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పీపా పక్కనే స్టూలేసుకుని కూర్చునేవాడు. నురగ ఏనాడూ అంచు దాటనివ్వలేదు మహానుభావుడు.

అక్టోబరులో క్లెమ్ పోయాడు. ఆ ఖాళీ స్టూలును చూడలేక హెడ్లీ చలికాలమంతా కూర్చుని, వేడిని బట్టి కాయిళ్ళను తనంతట తానే వేసి తీసే పెట్టె తయారుచేశాడు. బస్సు డిపోలో వైర్లతోనే జీవితం గడిపినవాడు కదా, ముచ్చటగానే చేశాడు. పెట్టె కాయిలుకు కరెంటు ఇమ్మంటే ఎర్ర దీపం వెలుగుతుంది, ఆపమంటే ఆరుతుంది. మనిషి లేని లోటు పెట్టె తీరుస్తుందనుకోవడం వెర్రితనమే. దుఃఖంలో ఉన్నవాడికి ఆ మాట ఎవరు చెబుతారు?

ఏప్రిల్లో క్లెమ్ పుట్టినరోజున క్లబ్బులో అందరికీ అతని బీరే పొయ్యాలని వదిన డోరీన్ కోరిక. అతని బీరంటే దాన్ని పులియబెట్టే అతని ఈస్టే. ఊళ్ళో బీరు కంపెనీ మూతపడిన రోజున అన్నదమ్ములు బతిమాలి తెచ్చుకున్న ముద్ద అది. అప్పటినుంచీ బిడ్డను సాకినట్టు సాకుతూ వచ్చారు. ఆ రకం ఇంకెక్కడా దొరకదు.

పుట్టినరోజుకు నెల ముందు, ఆ బీరు కాచాల్సిన ఉదయం ఇంగ్లండులోని యార్క్‌షైర్ చలి ఎముకలు కొరికేస్తోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఈస్టుకు కాస్త వెచ్చదనం తగలాలి. హెడ్లీ పీపాలో నీళ్ళు పోసి, సీసాను అందులో దించి, పెట్టె మీద ఇరవై అయిదు డిగ్రీలు పెట్టాడు. నీళ్ళు వెచ్చబడ్డాయి, ఎర్ర దీపం ఆరింది. "శభాష్‌రా!" అని పెట్టెను తట్టి, టీ తాగడానికి ఇంట్లోకి వెళ్ళాడు. రేడియోలో ఫుట్‌బాల్ వింటూ కునుకు తీశాడు.

తిరిగొచ్చి తలుపు తీస్తే షెడ్డంతా ఆవిరి. ఎముకలు ఉడికించినట్టు వాసన. పెట్టె మీద ఎనభై మూడు డిగ్రీలు. ఎర్ర దీపం మాత్రం నిక్షేపంగా ఆరే ఉంది! లోపల కరెంటును ఆపాల్సిన రిలే స్విచ్చు కాలి అతుక్కుపోయింది. పెట్టె ఆపమంటూనే ఉంది, కాయిలు కాలుతూనే ఉంది.

ప్లగ్గు పీకి, సీసాను ఉత్త చేత్తోనే ఎత్తాడు. చెయ్యి కాలింది. చల్లారాక చక్కెర నీళ్ళు పోసి, ప్రాణముంటే ఒక్క బుడగైనా రాకపోతుందా అని సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాడు. రాలేదు. ఈస్టు ఉడికి చచ్చిపోయింది. అన్న మళ్ళీ పోయాడు, ఈసారి చేతులారా తనే చంపుకున్నాడు. హెడ్లీ వెక్కివెక్కి ఏడ్చాడు.

బ్రెడ్ పుడ్డింగు గిన్నెతో డోరీన్ తనింటి నుంచి వచ్చింది. "ఏమయ్యా, నీ పెట్టెగారేం చేస్తున్నారు? మీ అన్నయ్య ఉద్యోగం లాగేసుకున్నారటగా!"

"చంపేశాను వదినా."

"ఎవర్నయ్యా?"

సీసా చూపించి, జరిగింది చెప్పాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలే, బెంగపడకు. మీ అన్నయ్య సీసా ఉందిగా. అంత్యక్రియలయ్యాక నేనే నీకు తెచ్చిచ్చాను" అంది.

"ఆయన పోయాక నా సీసా, ఆయన సీసా రెండిటి మొహమూ చూడలేదు నేను. తిండి లేక రెండూ నీరసించాయి. బలమొస్తుందని కలిపేశాను."

"రెండూనా! ఎప్పుడూ సగం అవతలి ఇంట్లో దాచేవాళ్ళు కదయ్యా మీరు?"

"ఇంకా అవతలి ఇల్లెక్కడుంది వదినా?"

డోరీన్ మొహం పాలిపోయింది. "మరి నేనుంటున్నదేంటి హెడ్లీ?"

ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయింది. వెనక్కి పిలవడానికి అతనికి ముఖం చెల్లలేదు.