తాళం వేసిన గోదాము

కూలి చేసుకునే అక్కచెల్లెళ్లూ, చదువుకునే పిల్లలూ, తప్పులుంటే దిద్దుకుని చదవండి. అక్షరాలు ముదిరిన వయసులో నేర్చాను. చెయ్యి ఇంకా మెల్లగానే కదులుతుంది.

లేబరు ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే మేస్త్రి, చొక్కాలు కుట్టే ఆడవాళ్లను గుడ్డల గోదాములోకి తోసి తాళం వేశాడు. సర్కారు ఖాయం చేసిన కనీస కూలి అందేది నలుగురికే. వాళ్లనే హాల్లో ఉంచాడు.

గుండీలు కుట్టే ఆమెను గుండీలక్క అంటారు. మంచాన పడ్డ మొగుడికి మందూ మెతుకూ ఆమె కూలితోనే. 

"కిక్కురుమంటే రేపు గేటు దాటరు," తలుపవతల మేస్త్రి గొంతు. "అందరికీ సర్కారు కూలి ఇస్తే అయ్యగారు కార్ఖానా మూసుకోవాలి. అప్పుడేం తింటారు?"

"కొత్త కారు కొన్నప్పుడు మూతపడలేదేం?" కాజాలు కుట్టే ముసలమ్మ గొణిగింది.

"ఊరుకో పిన్నీ, నీకు దణ్ణం పెడతా," అంది గుండీలక్క.

కిటికీ లేదు. దుమ్ము గొంతులో దిగుతోంది. కాలర్లు కుట్టే పిల్ల నిండు గర్భిణి. "అక్కా, ఊపిరాడట్లేదు," అంటూ దగ్గబోయింది. గుండీలక్క గబుక్కున ఆమె నోరు నొక్కేసింది.

అవతల బూట్ల చప్పుడు, ఆఫీసరు గొంతు. "ఇంత హాల్లో నలుగురేనా?"

"ఆర్డర్లు లేవండీ. మిగతావి మూలపడ్డ మిషన్లు," అన్నాడు యజమాని.

ఆ పిల్ల ఒళ్లు వాలిపోతోంది. "ఎవరి కోసమే దాన్ని చంపుతున్నావ్?" అంది ముసలమ్మ.

గుండీలక్క చెయ్యి తీసేసింది. ఆ చేత్తోనే తలుపు బాదింది. అందరూ బాదారు. "తియ్యండ్రా! మనుషులున్నాం!"

తాళం తీయక తప్పలేదు. ఆ పిల్లను గాలికి కూర్చోబెట్టి నీళ్లు తాగించారు.

"వీళ్లు మా పనివాళ్ల చుట్టాలండీ," యజమాని ఇకిలించాడు.

"నిజమేనామ్మా?" ఆఫీసరు గుండీలక్కను అడిగాడు. ఆయన ఎటు మొగ్గుతాడో ఎవరికి తెలుసు?  

గుండీలక్క నడిచి వెళ్లి తన మిషను మీద కప్పిన గుడ్డ లాగేసి కూర్చుంది. వెనకే ముసలమ్మ. ఆ వెనక అందరూ, వెతుక్కోకుండా, ఎవరి మిషను దగ్గరికి వాళ్లు. పొట్టిగా ఉండే ఒకామె తన స్టూలుకు కట్టుకున్న దిండును తట్టి మరీ కూర్చుంది.

"రేపట్నుంచి పనుల్లేవు మీకు!" యజమాని అరిచాడు.

"రేపు గేటు దగ్గరికి అందరం కలిసే వస్తాంలే, నాయనా," అంది ముసలమ్మ.

 గుండీలక్క పెడలు నొక్కింది. హాలంతా మిషన్లు ఒక్కసారిగా మోగాయి. యజమాని ఏం అరుస్తున్నాడో ఇక వినపడలేదు.

నన్ను కత్తెరమ్మ అంటారు. వయసు అరవై నాలుగు. మా ఆయన పోయాక, ఆ కార్ఖానా వెనక సందులో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.