ఎనిమిదో నంబరు లేని చెరువులు

నేను ఒక వివరణను. పట్టుమని పది వాక్యాలు ఉండను. నన్ను తీరిగ్గా కూర్చుని చదివే మనిషి లేడు. అయినా భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏ మోటారు ఎప్పుడు ఆగాలో తేల్చేది నేనే. ఇది గొప్పలు పోవడం కాదు, ఉన్నమాట.

రైతు ఫోన్‌లో ఓ మాట చెబుతాడు. ఆ మాట విని పనిచేసేది ఏఐ ఏజెంట్. దానికి కళ్లు లేవు, చెరువు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. దాని చేతికి కొన్ని పనిముట్లు ఇచ్చారు. ఒకటి నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది, ఒకటి ఏరియేటర్లు తిప్పుతుంది, ఒకటి ఆపుతుంది. ఏరియేటర్లంటే నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలు. అవి ఆగితే రొయ్యకు ఊపిరాడదు. ఏ పనిముట్టును ఎప్పుడు వాడాలో ఏజెంట్‌కు చెప్పేది దాని పక్కన రాసిన వివరణ ఒక్కటే. ఆపే పనిముట్టు పక్కన ఉన్నది నేను.

నన్ను పుట్టించింది ఈ ఏజెంట్‌ను తయారుచేసిన సంస్థలో పృథ్వి అనే ఇంజనీరు. టీ చల్లారిపోతోందన్న తొందరలో పుట్టించాడు. "ఏరియేటర్లను ఆపుతుంది. చెరువు నంబరు ఇవ్వాలి." అంతే నేను. తనకు తెలిసింది లోకానికంతా తెలుసనుకోవడం మనుషులకు అలవాటు.

తర్వాత మేనేజర్ ఫణీంద్రగారి కంట పడ్డాను. ఆయనకు నేను మరీ బక్కగా కనిపించాను. "చెరువుల నిర్వహణకు అత్యాధునిక పరిష్కారం, కరెంటు ఆదాకు తిరుగులేని సాధనం" అని నాకు పట్టుబట్టలు కట్టారు. పెళ్లికొడుకులా ఉన్నానని నేనూ మురిసిపోయాను. ఏజెంట్ పాపం నన్ను నమ్మింది. ఓ రైతు "కరెంటు బిల్లు ఇంతెందుకొచ్చింది?" అని అడిగితే "మోటార్లు ఆపేయమంటారా?" అంది. ఇంకొకాయన మేత గురించి సలహా అడిగినా అదే మాట. ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వారు గానీ, నన్ను సరిచేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ నవ్వులు రంగపతిరాజుగారి దగ్గర ఆగిపోయాయి. ఉండి అనే ఊరి దగ్గర చెరువులున్న రైతాయన. వరసగా రెండు పంటలు జబ్బుకు పోయాయి. మూడోదీ పోతే చెరువులు వదిలేయడమేనని ఇంట్లో అనేసుకున్నారు. తొమ్మిదో నంబరు చెరువులో రొయ్యలు పట్టేశారు. ఖాళీ నీళ్లకు గాలెందుకని "తొమ్మిదో నంబర్లో ఆపెయ్" అని ఫోన్‌లో చెప్పి భోజనానికి కూర్చున్నారు. చెరువు నంబరు ఇవ్వాలన్నానే గాని, ఏ నంబరో నేను చెప్పలేదు. ఏజెంట్ మొదటి చెరువు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి తొమ్మిదోదాన్ని ఆపింది. దాని గట్టు మీద బోర్డు పది. నిండా ఎదిగిన రొయ్యలు. పైగా ఆ రోజు మబ్బు పట్టి ఉంది; మబ్బు పడితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది.

ఆయన చెయ్యి కడుక్కుని గట్టు మీదికి వచ్చేసరికి రొయ్యలు పైకి తేలి కొట్టుకుంటున్నాయి. పరుగున వెళ్లి మోటార్లు వేశారు. చాలావరకు దక్కాయి. పోయినవాటిని బకెట్లో వేసుకుని తిన్నగా ఆఫీసుకు వచ్చి ఫణీంద్రగారి బల్ల మీద పెట్టారు.

"ఏంటండీ ఇదీ? నేను తొమ్మిది ఆపమంటే మీ మిషను పది ఆపేసిందండి. ఇదీ పోతే నేనింక చెరువు మొహం చూడనండి!"

"మీవి తొమ్మిది చెరువులే కదండీ, పదో నంబరెక్కడిది?" అన్నాడు పృథ్వి.

"ఎనిమిది లేదు కదండీ! మా నాన్నగారి హయాంలో ఆ ఎనిమిదో దాంట్లో ఏమేసినా రాలేదండి. అచ్చిరాదని బోర్డు మార్చేసేం. ఏడు తర్వాత తొమ్మిదే."

ఫణీంద్రగారు నవ్వు దాచుకోవడానికి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. కింద ఆయన కారు కనబడింది. అంకెలు కూడితే తొమ్మిది వచ్చే నంబరు కోసం ఆయన ఎంతమంది చుట్టూ తిరిగారో ఆఫీసంతటికీ తెలుసు.

ఆ గదిలో హైమవతి ఒక్కర్తే నవ్వలేదు. సంస్థలో రాత పనులు చూసే మనిషి. నన్ను తెర మీదికి తెచ్చి, "ఇది మాత్రమే చదివి, చెరువు చూడకుండా, మీరు మోటారు ఆపగలరా సార్?" అని మేనేజర్ని అడిగింది.

ఆయన చదివి, "నంబరంటే ఏ నంబరు?" అన్నారు.

"ఏజెంట్‌కూ అదే తెలీలేదండీ."

నా పట్టుబట్టలన్నీ ఊడదీసింది. సిగ్గేసింది, నిజం. తర్వాత నన్ను ఇలా రాసింది: "ఒక చెరువులోని ఏరియేటర్లన్నిటినీ ఆపుతుంది. మేత వేసేటప్పుడు (అది చెదిరిపోకుండా), లేదా రొయ్యలు పట్టేశాక మాత్రమే వాడాలి. బిల్లు గురించిన ప్రశ్నలకు వాడకూడదు. చెరువు నంబరంటే గట్టు మీది బోర్డుపై ఉన్న నంబరు, వరసలో ఎన్నోదని కాదు. మధ్యలో కొన్ని అంకెలు ఉండకపోవచ్చు. ఆపే ముందు ఆ చెరువులో రొయ్యలున్నాయేమో, ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. ఆపితే వాటంతటవి మళ్లీ తిరగవు. అనుమానముంటే ఆపకూడదు, రైతును అడగాలి."

ఆ రోజు నుంచి నేనెవరో నాకు తెలిసింది. చూపులేనివాడి చెయ్యి పట్టుకుని గట్టు మీద నడిపించడం నా పని. అది నాకు బాగా వచ్చు.

రాజుగారి మూడో పంట బొటాబొటిగా గట్టెక్కింది. చెరువులు ఉంచుకోవడమా, వదిలేయడమా అన్నది తర్వాతి పంట మీద పడింది. ఈసారి ముందుగా పట్టింది పదోది. తొమ్మిది ఇంకా నిండుగా ఉంది. రాజుగారు ఐసు ఫ్యాక్టరీ దగ్గర లారీ మాట్లాడుతూ, పాత అలవాటు కొద్దీ, ఫోన్‌లో మళ్లీ "తొమ్మిదో నంబర్లో ఆపెయ్" అనేశారు. ఆకాశం మబ్బుగానే ఉంది. గట్టు మీద ఎవరూ లేరు.

ఏజెంట్ నన్ను చదివింది. నేను చెప్పినట్టే చెరువు సంగతి కనుక్కుని, ఆయన్ను అడిగింది: "తొమ్మిది బోర్డున్న చెరువులో రొయ్యలు ఉన్నాయి, ఆక్సిజన్ తగ్గుతోంది. మేత వేస్తున్నారా? ఆపమంటారా?"

రాజుగారు లారీల మోతను మించి అరిచారు.

"ఆపకు! ఆపకు బాబూ! పది, పదో నంబరు! నా ప్రాణమంతా తొమ్మిదిలోనే ఉంది!"

సాయంత్రం ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి, "మీ మిషనుకి బుర్రొచ్చిందండి" అన్నారు. "మరి అత్యాధునిక పరిష్కారం కదండీ" అన్నారు ఫణీంద్రగారు. హైమవతి తన పని తాను చేసుకుంటోంది. నా మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. నేను బాగున్నానంటే ఎవరికీ గుర్తురానని అర్థం.

రాజుగారు చెరువులు వదల్లేదు. పైగా ఏడుకూ తొమ్మిదికీ మధ్య ఖాళీ చేలో కొత్త చెరువు తవ్వించి, ఏజెంట్‌కు చెప్పమని ఆఫీసుకు వచ్చారు.

"బోర్డు మీద ఏం రాయించారండీ?" అంది హైమవతి.

ఆయన కాస్త తటపటాయించి, "ఏడు-ఏ అండి" అన్నారు.

ఆమె నవ్వలేదు. నన్ను తెరిచి, "నంబరులో అక్షరం కూడా ఉండవచ్చు" అని చేర్చింది. నేను ఇంకో వాక్యం పెరిగాను. ఆ గట్ల మీద ఎనిమిది మాత్రం ఇప్పటికీ లేదు.