జీపుకి ఎడమ ఏది?

మా ఇంట్లో నా పేరు కాగితం. కరెంటు ఆఫీసు నోటీసైనా, మందుల డబ్బాలో మడిచి పెట్టిన చీటీ అయినా, అచ్చులో ఉన్నది ఏది వచ్చినా ముందు నా చేతిలో పెడతారు. మా వాళ్ళలో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. నేను చదివి చెప్పానంటే ఇక దానికి తిరుగులేదు. అది నాకు గర్వంగానే ఉండేది. దాని బరువెంతో జీపు కొన్నాకే తెలిసింది.

నన్ను చదివించింది మా బాబాయి మెకానిక్ షెడ్డు. ముప్పై ఎనిమిదేళ్ళు లారీలు, జీపులు బాగుచేశాడు. తర్వాత వచ్చిన కొత్త బండ్లకి రెంచీ కంటే ముందు కంప్యూటరు తగిలించాలి. పోయిన ఏడాది ఆయన షట్టరు దించేశాడు. అప్పటినుంచి పొద్దున్నే స్నానం చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేవాడు. గోళ్ళలో మడ్డి లేకుండా ఆ చేతుల్ని నేను చూడటం అదే మొదలు. పిన్ని దిగులు కూడా అదే. "మనిషి ఇంట్లోనే ఉన్నాడే, కానీ ఇంట్లో లేడు" అనేది.

నాకు మరో కోరిక కూడా ఉండేది. మా వాళ్ళు ఊరు దాటితే పెళ్ళికో, చావుకో, ఆసుపత్రికో. ఏ పనీ లేకుండా ఎక్కడికైనా వెళ్ళి, డేరా వేసుకుని, ఊరికే కూర్చుని రావాలని ఉండేది. నీటి సరఫరా ఆఫీసులో నా పక్క సీటావిడ ఏటా అలా వెళ్ళొచ్చి ఫోటోలు చూపిస్తుంది. అందుకే పాత ఇనుప సామాన్ల కొట్టు వెనక, గడ్డిలో కూరుకుపోయిన మిలిటరీ జీపు కనబడేసరికి, రెండు రోగాలకీ ఒకే మందు దొరికిందనుకున్నాను.

"నడవదమ్మా, ముందే చెబుతున్నా" అన్నాడు కొట్టతను. "నువ్వూ నేనూ పుట్టకముందు బండి. తూకానికి పోనిద్దామని ఉంచాను." నేను కొంటానని తేలాక సీటు కింద నుంచి నూనెగుడ్డలో చుట్టిన ఒక పుస్తకం తీసిచ్చాడు. "ఇదీ తీసుకెళ్ళు. తూకంలో దీనికేమీ రాదు." అది ఆ జీపు తాలూకు ఇంగ్లీషు పుస్తకం. దీన్నెలా విప్పాలో, ఎలా బిగించాలో సిపాయిలకి చెప్పేది.

మరో బండికి కట్టి లాగించుకొచ్చి ఇంటి పక్క షెడ్డు ముందు నిలబెట్టించాను. పిన్ని చీర కొంగుతో ముక్కు మూసుకుని చూసింది.

"ఇంట్లో ఒక ముసలాడు చాలడని ఇంకొకణ్ణి తెచ్చావా?"

"ఇతను పెద్దగా తినడు పిన్నీ."

"అందరూ మొదట్లో అలాగే చెబుతారు."

బాబాయి గుమ్మం దగ్గర నుంచి లేచి వచ్చాడు. జీపు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తలుపు పక్క రేకు మీద గోరుతో గీకాడు. పసుపు రంగు కింద నీలం, నీలం కింద మిలిటరీ ఆకుపచ్చ, దాని మీద తెల్ల అంకెలు బయటపడ్డాయి.

"ఎలా ఉంది బాబాయ్?"

"బతికే ఉంది. ఇన్నాళ్ళూ పలకరించిన నాథుడు లేడంతే."

మర్నాడు నేను ఆఫీసుకి బయల్దేరేసరికే షట్టరు పైకి లేచి ఉంది.

పని పంచుకున్నాం. నేను పొద్దున ఆఫీసుకి ముందు గంటసేపు ఆ పుస్తకాన్ని తెలుగులోకి మార్చి, రెండువందల పేజీల నోటుబుక్కులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిపెట్టేదాన్ని. బాబాయి అక్షరం కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివి, పగలంతా దాని ప్రకారం పనిచేసేవాడు. ఆయన చదివింది నాలుగో తరగతి. ఇంజను విప్పి కడిగాడు, పాడైన వైర్లు పీకి కొత్తవి వేశాడు. అయిదోవారానికి ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి తుమ్మి, మూడోసారికి అందుకుంది. దారినపోయేవాళ్ళు ఆగి సలహాలిస్తే బాబాయి అందరికీ ఒకటే జవాబు: "కాగితం చెప్పింది. ఇంక మాట్లాడకండి."

తర్వాత బ్రేకుల పని. చక్రాలు ఊడదీయాలి. నోటుబుక్కులో నేను ఇలా రాశాను: "ఎడమ వైపు చక్రాల నట్లు ఎదురు మరవి. విప్పాలంటే కుడికి తిప్పాలి." మామూలు నట్టు ఎడమకి తిప్పితే వదులవుతుంది. చక్రం తిరుగుతుంటే నట్లు వాటంతట అవే ఊడిపోకుండా ఆ జీపుకి ఒక వైపు మాత్రం తిరగేసి పెట్టారు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి బాబాయి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. స్టీరింగు లేని వైపు ముందు చక్రానికి ఉన్న అయిదు బోల్టుల్లో మూడు మొదలంటా తెగి నేల మీద పడున్నాయి. వాటిని వరసగా పేర్చాడు.

"ఏమైంది బాబాయ్?"

"నువ్వు రాసినట్టే కుడికి తిప్పాను. రాలేదు. రెంచీకి పైపు తొడిగి ఇంకాస్త బలం పెట్టాను. ఒకటి తెగింది. తుప్పు అనుకున్నా. రెండోది తెగింది." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "బోల్టు తెగేముందు చేతికి చెబుతుందే. ముప్పై ఎనిమిదేళ్ళలో చెప్పకుండా ఏ బోల్టూ తెగలేదు. మూడు తెగాయంటే ఈ చేతులకి ఇంక వినపడట్లేదన్నమాట."

"తుప్పే అయ్యుంటుందిలే" అన్నాను.

"తుప్పు కాదు. పని వదిలెయ్యాల్సిన వేళ."

మర్నాడు భోజనాల విరామంలో పిన్ని ఫోను చేసింది. "మీ బాబాయి రెంచీలన్నీ తుడిచి గోనెసంచిలో కడుతున్నాడు. బోల్టులు కోసే లేతు పనతనికి ఇచ్చేస్తాడట. నువ్వు తెచ్చిన ముసలాడు మా ముసలాణ్ణి తినేశాడే." నా సంచిలో ఆ ఇంగ్లీషు పుస్తకం ఉంది. నట్ల పేజీ మళ్ళీ చదివాను, నేను రాసింది సరిగానే ఉంది. ఎందుకో మొదటి పేజీ తిప్పాను. ముందుమాట. నేనది చదవనే లేదు. అందులో నాలుగో వాక్యం: ఈ పుస్తకంలో కుడి, ఎడమ అన్నవి డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూసేవాడి కుడి, ఎడమలు.

బాబాయి డ్రైవరు సీట్లో కూర్చోడు. మెకానిక్ బండికి ఎదురుగా నిలబడతాడు. ఆయన ఎడమ చెయ్యి ఎటుందో అటు వెళ్ళాడు. అది జీపుకి కుడి; ఆ పాత మిలిటరీ బండికి స్టీరింగు ఎడమవైపు ఉంది. అక్కడివి మామూలు నట్లు. వాటిని కుడికి తిప్పితే బిగుస్తాయి. ఆయన పైపు తొడిగి మరీ బిగించాడు, తెగేదాకా.

అన్నం డబ్బా మూత పెట్టేశాను. ఆ పుస్తకం చదవగలిగేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. నేను నోరు విప్పకపోతే ఆ నాలుగో వాక్యం ఎవరికీ తెలియదు. తుప్పనే అనుకుంటారు, లేదా వయసనుకుంటారు. రేపు నేను ఏది చదివి చెప్పినా ఎప్పటిలాగే నమ్ముతారు. ఈ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. పూట సెలవు చీటీ రాసిపెట్టి బయల్దేరాను.

షెడ్డులో గోనెసంచి మూతి కట్టి ఉంది. పిన్ని దాని మీదే బైఠాయించింది, ఎవరూ ఎత్తుకుపోకుండా.

"బాబాయ్, తప్పు నీ చేతుల్లో లేదు. నాది" అన్నాను. పుస్తకం తెరిచి, వేలుపెట్టి, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాను. ఆయన్ని జీపు ముందు నిలబెట్టి ఎడమ చెయ్యి ఎత్తమన్నాను. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి మళ్ళీ ఎత్తమన్నాను. ఈసారి ఆ చెయ్యి జీపుకి రెండో వైపుకి వెళ్ళింది.

బాబాయి ఎత్తిన చెయ్యి దించకుండానే అడిగాడు.

"మొదటి పేజీ ఎందుకు వదిలేశావు?"

"ముందుమాట కదా. పరీక్షకి రాదు. చిన్నప్పటినుంచీ వదిలెయ్యడం అలవాటు."

"అయితే నా చేతికి తెలిసింది" అన్నాడు మెల్లగా. "నట్టు బిగుస్తోందని చెబుతూనే ఉంది. నేనే వినలేదు. నోరుమూసుకోవే, కాగితం తప్పు రాస్తుందా అన్నాను."

"నన్ను తిట్టు బాబాయ్."

"తిడతాను. ముందు నవ్వుకోనీ." భుజాలు కదిలేలా నవ్వాడు. సీటు కింద స్ప్రింగులు కూడా కిర్రుకిర్రుమన్నాయి.

పిన్నికి మాత్రం లెక్క తేలలేదు. "ఉండండి. ముప్పై ఏళ్ళుగా నేను ఈయనకి ఎడమ పక్కన పడుకుంటున్నాను. అది ఎవరి ఎడమ?"

"అది నువ్వు ఎటు తిరిగి పడుకుంటే అటు" అన్నాడు బాబాయి. "లే, సంచి మీంచి. పదమూడో నంబరు రెంచీ కావాలి."

లేతు పనతను రెంచీల కోసం వచ్చి, నమూనాకి తెగిన మూడు బోల్టులు పట్టుకుని వెళ్ళాడు. మొదటిసారి కోసుకొచ్చిన కొత్త బోల్టుల్ని బాబాయి చేత్తో తడిమి వెనక్కి పంపేశాడు. రెండోసారివి సరిపోయాయి.

ఆ రోజు నుంచి మా పని తీరు మారింది. బాబాయి నా నోటుబుక్కుతో పోట్లాడటం మొదలుపెట్టాడు. నేను రాసిన లైన్ల పక్కన పెన్సిలుతో వంకర అక్షరాలు కనిపించేవి. "చూడాలి." "ఎవరి కుడి?" "ఇది రాసినవాడు బండి విప్పి ఉండడు." ఒక దగ్గర ఏకంగా "అబద్ధం" అని రాశాడు. నేను పుస్తకం చూపించి వాదించాను, ఆయన గొట్టం ఊడదీసి చూపించి వాదించాడు. ఆయనే గెలిచాడు. పిన్ని వంటింట్లోంచి అరిచేది: "ఇదివరకు ఇల్లు ప్రశాంతంగా ఉండేది. దానికే ఏడ్చాను, నాకు బుద్ధి లేక." ఇంట్లో నా మాటకి ఇప్పుడు తిరుగుంది. కరెంటు నోటీసు చదివి చెప్పినా సరే, "మొత్తం చదివావా?" అని అడుగుతారు. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత నిద్ర బాగా పట్టడం మొదలైంది.

రంగు వేయడానికి ఇంకో నెల పట్టింది. ఒక శనివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం. వెనక డేరా, రెండు చాపలు, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు, ఇంకా పిన్ని వదలని ప్రెషర్ కుక్కరు. ఎత్తు ఎక్కేటప్పుడు జీపు నడక వేగానికి దిగింది. వెనక వచ్చిన సైకిలతను మమ్మల్ని దాటేస్తూ జాలిగా చూశాడు. చెరువు ఒడ్డుకి చేరేసరికి మధ్యాహ్నమైంది. డేరా మొదటిసారి లోపలివైపు బయటికి వేశాం. పిన్ని చాప పరుచుకుని, చేసే పనేమీ లేక కాసేపు కంగారు పడి, తర్వాత కాళ్ళు చాపుకుంది.

నాలుగింటప్పుడు పక్క డేరాలోంచి ఒకాయన వచ్చాడు. మెరిసే కొత్త కారు వాళ్ళది. మా జీపుని ఎగాదిగా చూసి అడిగాడు. "కారు స్టార్టవట్లేదండి. మీలో ఎవరైనా మెకానిక్ ఉన్నారా?"

కొత్త కారు అనగానే నేను బాబాయి వైపు చూశాను. ఆయన గుడ్డు పెంకు వలుస్తున్నాడు. తీరిగ్గా వలవడం పూర్తిచేసి, గుడ్డు పిన్ని చేతిలో పెట్టి, లేచాడు.

"ఉన్నాం" అన్నాడు. "దానికి పుస్తకమేదైనా ఇచ్చారా మీకు?"

"ఉందండి, కార్లోనే. కానీ ఎవరూ చదవలేదు."

"తీసి మా అమ్మాయికివ్వండి. ఆమె చదువుతుంటుంది, నేను విప్పుతుంటాను. మేం పోట్లాడుకుంటే పట్టించుకోకండి."